స్ప్రింగ్ మోతలో డీఎస్పీ పాఠం
డీఎస్పీని పరీక్ష ముందు రాత్రి బట్టీ కొట్టి, తర్వాత వదిలేస్తున్నాం. దాంతో ఏం చేయొచ్చో 1960ల నాటి ఫెండర్ ట్విన్ రివర్బ్ గిటార్ యాంప్ చెబుతుంది. అందులో సిగ్నల్ సన్నటి స్ప్రింగుల గుండా వెళ్లి ప్రతిధ్వనిగా తిరిగొస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలు ముందు, ఎక్కువవి వెనక చేరతాయి. నీటిచుక్క పడినట్టుండే ఆ శబ్దం అందువల్లే. ఈ ఆలస్యాన్ని ఆల్‌పాస్ ఫిల్టర్ల వరుసతో కోడ్‌లో తేవచ్చు. 2019లో ఫెండరే ట్యూబులు, స్ప్రింగులు లేని డిజిటల్ ట్విన్ తెచ్చింది. బరువు దాదాపు సగానికి తగ్గింది.

మరి మన రెజ్యూమేల్లో? చాలావరకు కొన్న ప్రాజెక్టులే! వాటి బదులు పైథాన్‌లో ఓ స్ప్రింగ్ రివర్బ్ సొంతంగా రాయండి. ‘ఆల్‌పాసే ఎందుకు వాడారు?’ అని ఇంటర్వ్యూలో అడిగితే తడబడకుండా చెప్పగలరు. ఉద్యోగానికి పనికొచ్చేది ఆ జవాబే.