గాయం చెప్పే సాక్ష్యం

చైనాలో సుంగ్ త్సు అనే న్యాయాధికారి 1247లో రాసిన గ్రంథంలో ఒక ఉదంతం ఉంది. ఒక పల్లెలో కొడవలి వేట్లతో ఒకడు హతుడయ్యాడు. విచారణకు వచ్చిన అధికారి ఊరివారి కొడవళ్ళన్నీ తెప్పించి వరుసగా పెట్టించాడు. అన్నీ శుభ్రంగానే ఉన్నాయి. కాని ఈగలు ఒక్కదాని మీదనే ముసిరాయి. కడిగినా పోని నెత్తుటి జాడను అవి పసిగట్టాయి. దాని సొంతదారు నేరం ఒప్పుకున్నాడు.

ఆనాడు ఈగలు చేసిన పనిని నేడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని చేస్తున్నది. కత్తి ఎముకకు తగిలితే దాని అంచు గీతలు ఎముకపై పడతాయి. ఒక్కొక్కప్పుడు లోహపు రవ్వలు, తుప్పు, పిడి చెక్క పేళ్ళు గాయంలో మిగులుతాయి. రవ్వలో క్రోమియం ఉంటే అది స్టీలు కత్తిదని, లేకుంటే మామూలు ఇనుపదని అంచనా వేయవచ్చు. తుపాకీని దగ్గరినుంచి పేల్చితే మసి, కాలని మందు రేణువులు చర్మానికో, చొక్కాకో అంటుకుంటాయి. దూరం నుంచి పేల్చితే అవి చేరవు. అయితే లోహపు రవ్వ ఆయుధం ఏ రకమైనదో చెబుతుందే గాని, ఎవరిదో చెప్పదు. ఈ హద్దును కూడా న్యాయస్థానాలు గుర్తుంచుకోవాలి.

ఈ శాస్త్రం మనకు దూరపు సంగతి కాదు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి మండలంలోని శేషాచలం అడవుల్లో పోలీసు కాల్పులకు తమిళనాడుకు చెందిన 20 మంది మరణించారు. ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులు, దగ్గరినుంచి కాల్చి చంపారని హక్కుల సంఘాలు వాదించారు. శవపరీక్షలు తిరుపతిలో జరిగాయి. తరువాత 6 మృతదేహాలకు మళ్ళీ శవపరీక్ష జరపాలని హైకోర్టు ఆదేశించింది. ఇటువంటి వివాదంలో ఏ పక్షానికీ చెందని సాక్షి గాయమే. మొదటి పరీక్షలోనే గాయాన్ని, బట్టలను జాగ్రత్త చేయకపోతే రెండవ పరీక్షకు దొరికేది తక్కువ.

కక్షలు ముదిరిన పల్లెల్లో ఫిర్యాదులో పదిమంది పేర్లు ఇరికించడం, సాక్షులు కోర్టులో మాట మార్చడం ఎరుగనివారు లేరు. నిర్దోషి జైలుపాలు కాకుండా, దోషి తప్పించుకోకుండా ఉండాలంటే ఇటువంటి ఆధారాలే శరణ్యం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టం, ఏడేళ్ళు అంతకు మించి శిక్ష పడే నేరాలలో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి వెళ్ళాలని చెబుతున్నది. దీని ఏర్పాటుకు రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఇచ్చింది. గడువు ఉన్నదని తాత్సారం చేయరాదు. తిరుపతిలోని ప్రాంతీయ ఫోరెన్సిక్ లేబొరేటరీకి చాలినంత మంది నిపుణులను, పరికరాలను సమకూర్చాలి. మండల ఆస్పత్రుల వైద్యులకు గాయం నుంచి నమూనా తీసే పద్ధతిలో శిక్షణ ఇవ్వాలి.

ప్రజల బాధ్యత కూడా ఉంది. ముందు ప్రాణం దక్కాలి. గాయంపై శుభ్రమైన గుడ్డ అదిమి వెంటనే ఆస్పత్రికి చేర్చాలి. పసుపు, సున్నం, కాఫీపొడి అద్దరాదు. గుచ్చుకున్న కత్తిని ఊడబెరకరాదు. మైలపడ్డాయని నెత్తుటి బట్టలు ఉతకడం, తగలబెట్టడం తగదు. వాటిని ప్లాస్టిక్ సంచిలో గాక కాగితంలో ఉంచి పోలీసులకు అప్పగించాలి. పడిఉన్న ఆయుధాన్ని ముట్టుకోరాదు.

మనిషి సాక్ష్యాన్ని బెదిరించవచ్చు, కొనవచ్చు. గాయం సాక్ష్యాన్ని కడిగివేయడం ఒక్కటే మార్గం. ఆ కడిగే చేతులు మనవి కాకుండా చూసుకోవాలి.