మన పెరడు: పది కోళ్లకు ఒక గూడు

ఈ నెల ఈ పేజీని ఒక ఒప్పుకోలుతో మొదలుపెట్టవలసి ఉన్నది. 2024 డిసెంబరులో, క్రిస్మస్‌కు రెండు వారాల ముందు, మా సంఘములోని ఒక సహోదరి ఆరాధన ముగిసిన తరువాత మా దగ్గరకు వచ్చినది. "అయ్యా, రాత్రిపూట మంచు బాగా పడతా ఉంది. కోళ్లు ముడుచుకొని కూర్చుంటా ఉండాయి. ఏం చేసేది?" అని అడిగినది. మేము ముందూ వెనుకా ఆలోచించకుండా, "గూటి చుట్టూ ప్లాస్టిక్ పట్ట కట్టేయండమ్మా, గాలి దూరకుండా" అని చెప్పితిమి. ఆమె అట్లే చేసినది. జనవరి సగమయ్యేసరికి పదకొండు కోళ్లలో నాలుగు పోయినవి.

ఆమె భర్త లేని మనిషి. మనవరాలి చదువు ఖర్చులకు గుడ్ల మీద వచ్చే డబ్బే ఆధారము. అయినా మమ్మును ఒక్క మాట అనలేదు. "మీరు చెప్పినట్లే కప్పినాను అయ్యా. తెల్లారి గూడు తెరిస్తే కండ్లు మండినాయి" అని మాత్రము అన్నది. అసలు సంగతి అంతా ఆ కండ్ల మంటలోనే ఉన్నదని పశువైద్యులు వచ్చి చెప్పేదాకా మాకు తెలియలేదు.

కోడి ఒంటి వేడి మన ఒంటి వేడి కంటే ఎక్కువ, 41 డిగ్రీల దాకా ఉంటుంది. చలి వేస్తే ఈకలు ఉబ్బించుకొని, ఆ ఈకల మధ్య గాలిని వెచ్చగా నిలుపుకుంటుంది. మేము చూసి జాలిపడిన 'ముడుచుకోవడం' అదే. మాది మదనపల్లె ప్రాంతము, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తు. మార్గశిరము, పుష్యములలో రాత్రులు చల్లగా ఉంటాయి గాని, ఎదిగిన కోడిని చంపేంత చలి ఇక్కడ ఎన్నడూ లేదు. అయితే రాత్రంతా కోళ్లు వదిలే ఊపిరిలో తేమ ఉంటుంది. రెట్టలోనూ తేమే. నాలుగు వైపులా పట్ట కట్టినప్పుడు ఆ తేమ బయటికి పోలేదు. రెట్ట కుళ్లి అమ్మోనియా ఘాటు లేచినది. ఆ గాలి పీల్చిన కోళ్లకు ముక్కులు కారి, ముఖాలు వాచి, మేత మానినవి. చలి నుండి కాపాడబోయి వాటికి ఊపిరాడకుండా చేసితిమి.

మా ఊరికి దగ్గరలోనే ఆరోగ్యవరము ఉన్నది. ఇక్కడి గాలి మంచిదనే ఒకనాడు మిషనరీలు క్షయ రోగుల కోసము అక్కడ శానిటోరియం కట్టినారు. మందులు రాని ఆ కాలములో అటువంటి ఆసుపత్రులలో రోగులను గాలి ధారాళముగా ఆడే వరండాలలో పడుకోబెట్టేవారు. చిన్ననాటి నుండి ఈ కథలు వింటూ పెరిగినవారమే మేము. అయినా బుద్ధి రాలేదు.

సరే, తప్పు మాది గనుక గూడు కూడా మేమే కట్టించాలని అనుకొంటిమి. 2025 ఫిబ్రవరిలో కట్టినాము. ఒక వేసవి, రెండు వానకాలాలు, ఒక చలికాలము గడిచిన తరువాతనే దీన్ని గురించి వ్రాస్తున్నాము.

పగలు బయట తిరిగి, రాత్రి మాత్రమే గూటికి చేరే కోళ్లకు ఒక్కొక్కదానికి రెండు చదరపు అడుగులు చాలు. పది కోళ్లకు అయిదు అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు. (పగలూ రాత్రీ లోపలే ఉంచేవారికి ఈ లెక్క సరిపోదు, కనీసము రెట్టింపు కావాలి.) పొడవు తూర్పు పడమరలుగా ఉండాలి. అప్పుడు ఏటవాలు ఎండ ఇరుకు వైపులనే తాకుతుంది. ఆ రెండు ఇరుకు వైపులనూ పూర్తిగా మూసివేసినాము. ఉత్తర, దక్షిణ వైపులు మాత్రము కింద ఒకటిన్నర అడుగు మూసి, పైన జాలీ పెట్టినాము. చూరు కింద నాలుగు వైపులా ఆరు అంగుళాల సందు, దానికి కూడా జాలీయే. కోడి కూర్చున్నప్పుడు గాలి దాని తల పైనుండి పోవాలి, ఒంటికి సూటిగా తగలకూడదు. ఈ ఒక్క కొలత తప్పకపోతే మిగిలినవి మీ వీలును బట్టి మార్చుకోవచ్చు.

నాలుగు మూలలకు పాత రాతి కూసాలు నాటినాము. మా వైపు కంచెలకు వాడి వదిలేసినవి దొరుకుతాయి. రాతికి చెదలు పట్టదు. గూటి నేల భూమికి రెండు అడుగుల ఎత్తున ఉన్నది. నేలకు టమోటా తోటలో ఊతానికి నాటి తీసేసిన వెదురు కట్టెలను చీల్చి, వేలెడు సందుతో పరచినాము. రెట్ట ఆ సందులలో నుండి కిందికి రాలుతుంది. కింద వేరుశనగ పొట్టు పోసి, పదిహేను రోజులకొకసారి ఎత్తి దిబ్బలో వేస్తే మంచి ఎరువు. నిలువ చేయకుండా పచ్చిగా మొక్కల మొదట వేయకండి, వేళ్లు మాడతాయి.

కప్పుకు పాత రేకులు. రేకు ఒక్కటే అయితే ఏప్రిల్, మే నెలల్లో గూడు పెనములా కాలుతుంది. కోడికి చెమట పట్టదు, నోరు తెరచి రొప్పడమే దానికి తెలిసిన ఉపాయము. కాబట్టి రేకుల మీద బోద కప్పించినాము. చూరు అడుగున్నర బయటికి ఉండాలి, లేకపోతే తుపాను వాన జాలీ గుండా లోపలికి కొడుతుంది.

జాలీ దగ్గర మాత్రము పిసినారితనము వద్దు. బజారులో చవకగా దొరికే ఆరు పలకల కోడి వల కోళ్లను లోపల ఉంచుతుంది గాని, అడవిపిల్లిని బయట ఉంచలేదు. కుక్క పళ్లతో చింపుతుంది. అర అంగుళము కన్ను గల వెల్డింగు జాలీ తెచ్చినాము. తలుపుకు ఒక గొళ్లెము చాలదు, పైన ఒకటి, కింద ఒకటి.

కోళ్లు కూర్చోవడానికి మణికట్టు లావున్న నీలగిరి కట్టెలు రెండు, ఒకే ఎత్తులో, అడుగు ఎడముగా పెట్టినాము. ఒకటి పైన, ఒకటి కింద పెడితే పై దాని కోసము రోజూ పోట్లాటే. గుడ్లకు రెండు పాత టమోటా క్రేట్లు, లోపల పొట్టు, ముందు గోనె గుడ్డ. వాటిని కట్టెల కంటే దిగువనే పెట్టాలి. ఎత్తున ఉంటే కోళ్లు వాటిలోనే నిద్రపోయి, తెల్లారేసరికి గుడ్లు పెట్టే చోటును పాడుచేస్తాయి.

ఖర్చు చెప్పుతాము. జాలీకి రూ. 1,500, పాత రేకులకు రూ. 900, మడతబందులు, గొళ్లేలు, మేకులకు రూ. 250, వడ్రంగి ఒక రోజు కూలి రూ. 900. మొత్తము రూ. 3,550. కూసాలు, కట్టెలు, క్రేట్లు, బోద ఊరిలోనివే.

ఒక పొరపాటు ఇక్కడ కూడా చేసితిమి. వెదురు చివరలు బోలుగానే వదిలేసినాము. వేసవిలో ఆ బోలులోనూ పగుళ్లలోనూ గోమార్లు చేరినవి. ఇవి పగలు దాక్కొని, రాత్రి కోళ్ల రక్తము పీలుస్తాయి. గుడ్లు తగ్గినప్పుడు గాని మేము గమనించలేదు. చివరలను సున్నము కలిపిన మట్టితో మూసి, గూడంతా సున్నము కొట్టించినాము. పెరటిలో ఒక మూల బూడిద, ఇసుక కలిపిన గుంత చేసితే కోళ్లు వాటంతట అవే పొర్లి ఈకలు శుభ్రము చేసుకుంటాయి.

పిల్లల విషయము వేరు. పుట్టిన మూడు, నాలుగు వారాల దాకా వాటికి తల్లి రెక్కో, బల్బు వేడో ఉండాలి. వాటిని ఈ గూటిలో వేయకూడదు.

ఎంత మంచి గూడైనా కొక్కెర తెగులును ఆపదు. దానికి టీకా ఒక్కటే దారి. పిల్లలకు మొదటి వారములో కంటిలో చుక్క, రెండు నెలలు నిండిన తరువాత సూది. టీకా సీసాలో వంద కోళ్లకు తక్కువ కాకుండా మందు ఉంటుంది, కలిపిన గంట, రెండు గంటలలో వాడేయాలి. పది కోళ్లున్న ఇంటికి ఇది ఎలా గిట్టుతుంది? మా సంఘములో పన్నెండు కుటుంబాలు కలిసి ఒకే సాయంకాలము, కోళ్లు గూటికి చేరిన తరువాత వేయించుకున్నాము. ఐస్ డబ్బాలో మందు తెచ్చే పని యౌవనస్థులది.

ఆ సహోదరికి ఇప్పుడు తొమ్మిది పెట్టలు, ఒక పుంజు. వాటిలో నాలుగు గ్రామప్రియ రకము, హైదరాబాదు కోళ్ల పరిశోధన సంస్థవారు పెరటి పెంపకము కోసమే తయారుచేసినది. ఈ డిసెంబరులో ఆమె పట్ట కట్టలేదు, మేమూ చెప్పలేదు. తెల్లవారుజామున వెళ్లి తలుపు తెరచి ముక్కు లోపల పెట్టి చూచితిమి. పొట్టు వాసన తప్ప మరేమీ లేదు.

రెండు పెట్టలు మాత్రము ఇంకా మొండికేసి వేపచెట్టు మీదనే పడుకుంటున్నవి. కొత్త గూటిలో నాలుగు రోజులు బయటికి వదలకుండా మూసి ఉంచి అలవాటు చేయమని చెప్పినాము. "ఈసారి మీ మాట రెండు రోజులు చూసి వింటాలే అయ్యా" అన్నది ఆమె.