చిన్న విమానం - పెద్ద పూచీ

నల్లగొండ జిల్లా వేములపల్లి మొదలు మిర్యాలగూడ వరకు గల పల్లెలలో నాగార్జునసాగరం అనగానే రైతుకు స్ఫురించేది ఎడమ కాలువ. ఆ కాలువ నీటితోనే అక్కడి మెట్ట నేలలు మాగాణులైనవి. ఆ వడ్లను నమ్ముకొనే మిర్యాలగూడ బియ్యపు మిల్లులు వెలసినవి. కాని అదే సాగరానికి కుడిగట్టున, విజయపురి సౌత్‌లో, విమానాలు ఎక్కి దిగడానికి తగిన చదును నేల ఒకటి ఉన్నదనీ, విమానం నడపడం నేర్చుకొనే యువతీయువకులు అక్కడినుండి ఎగురుతూ వచ్చారనీ ఈ పల్లెలలో చాలామందికి తెలిసివచ్చినది ఒక విషాద సంఘటనతో.

2022 ఫిబ్రవరి 26న ఉదయం ఆ నేలనుండి బయలుదేరిన సెస్నా 152 అనే రెండు సీట్ల శిక్షణ విమానం, వేములపల్లికి నైరుతి దిక్కున ఉన్న పెద్దవూర మండలం తుంగతుర్తి గ్రామ పరిధిలో పొలాల మధ్య కూలిపోయినది. అందులో ఒంటరిగా ఎగురుతున్న శిక్షణార్థిని మరణించినది. పెద్ద శబ్దం విని పరుగెత్తుకొని వచ్చినవారు పొలాలలో పనిచేసుకొంటున్న కూలీలు, రైతులు. పోలీసులకు కబురు చేసినదీ వారే. విమానాశ్రయం లేదు, అగ్నిమాపక శకటం లేదు; పొలంలో మనుషులే మొదటి సహాయకులు. చిన్న విమానం కూలినప్పుడు సాధారణంగా జరిగేది ఇదే.

తెలుగువారి ఇటీవలి చరిత్రలో ఇటువంటి తేదీలు మరికొన్ని ఉన్నవి. లోక్‌సభ స్పీకరు జి. యం. సి. బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు సమీపాన కొవ్వాడలంక వద్ద హెలికాప్టరు ప్రమాదంలో మరణించారు. నటి సౌందర్య 2004 ఏప్రిల్ 17న ఎన్నికల ప్రచారానికై కరీంనగర్‌కు బయలుదేరి, బెంగుళూరు జక్కూరు మైదానంనుండి చిన్న విమానం లేచిన కొద్దిసేపటికే అది కూలిపోగా అసువులు బాసినది. ముఖ్యమంత్రి వై. యస్. రాజశేఖరరెడ్డి 2009 సెప్టెంబరు 2న నల్లమల అడవిలో కూలిన హెలికాప్టరులో మరో నలుగురితోపాటు మరణించారు. 2019 అక్టోబరులో వికారాబాదు జిల్లాలో శిక్షణ విమానం కూలి ఇద్దరు శిక్షణార్థులు నేల రాలిపోయారు.

ఇవన్నీ ఒకే కారణంచేత జరిగినవి కావు. పొగమంచు, గాలివాన, మానవుని పొరపాటు, యంత్రలోపం - ఒక్కొక్క ప్రమాదానికి ఒక్కొక్క కథ ఉంటుంది. అన్నిటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. అయితే ఇవన్నీ లేవనెత్తే ప్రశ్న మాత్రం ఒక్కటే. వందలమందిని మోసే పెద్ద విమానానికి వెనుక ఒక మహాసంస్థ నిలిచి ఉంటుంది. ఇద్దరినో నలుగురినో మోసే చిన్న విమానానికి పూచీ ఎవరు?

పెద్ద విమానంలో ఇద్దరు పైలట్లుంటారు. వారి వెనుక ఇంజనీర్ల దళం, విడిభాగాల గిడ్డంగి, రాత్రింబవళ్ళు లెక్కలు చూచే కార్యాలయం ఉంటాయి. ఒకరి కన్ను తప్పినది మరొకరి కంట పడుతుంది. చిన్న విమానం సంగతి అది కాదు. సెస్నా 152నే తీసుకొందాం. దాని ఇంజను 110 అశ్వశక్తి గలది. మనుషులతో, ఇంధనంతో కలిపి మొత్తం బరువు 757 కిలోలకు మించరాదు. అమెరికాలో 1977నుండి 1985వరకు మాత్రమే వీటిని తయారుచేశారు. అనగా నేడు ఎగురుతున్న ప్రతి సెస్నా 152 వయస్సూ నాలుగు దశాబ్దాలకు అటూ ఇటూగా ఉన్నది. దానిమీద నేర్చుకొనే విద్యార్థి వయస్సుకు అది రెట్టింపు.

వయస్సు మీరినంత మాత్రాన విమానం పనికిరానిదని భావించడం పొరపాటు. సరిగా చూచుకొన్న పాత యంత్రం, చూచుకోని కొత్త యంత్రంకంటె నమ్మదగినది. అయితే ఆ 'చూచుకొనడం' అనే మాటలోనే అసలు విషయమంతా ఇమిడి ఉన్నది.

విమానపు ఆయువును రెండు విధాలుగా లెక్కిస్తారు. ఎగిరిన గంటలు ఒక లెక్క, గడచిన సంవత్సరాలు మరొక లెక్క. ప్రతి 50 గంటలకు, 100 గంటలకు, ఏడాదికి ఒకసారి అని తనిఖీలు విధించి ఉంటాయి. నూనె మార్చడం, వడపోతలో లోహపు రజను కనబడుతున్నదేమో చూడడం, రెక్కల తీగలు అరిగినవేమో తడవడం - ఇవన్నీ ఆ తనిఖీలలోని పనులే. సెస్నా 152కు ఇంజను అమర్చిన లైకమింగ్ సంస్థ, గంటలు పూర్తికాకున్నా 12 సంవత్సరాలకొకసారి ఇంజనును విప్పి బాగుచేయవలెనని చెప్పుతుంది. ఎగరకుండా షెడ్డులో నిలిచిపోయిన ఇంజను క్షేమంగా ఉన్నదనుకొనడం అమాయకత్వం. వాడని బావి నీరు చెడినట్లే వాడని ఇంజను లోపల తుప్పుపట్టుతుంది.

ఇక ఎగరబోయే ముందు ప్రతిసారీ చేయవలసిన పరీక్షలున్నవి. ఇంధనపు తొట్టి అడుగునుండి చిన్న గాజుపాత్రలోకి కొంత పెట్రోలు తీసి చూస్తారు. విమానపు పెట్రోలుకు నీలిరంగు కలిపి ఉంటారు. నీరు చేరి ఉన్నట్లయితే అది రంగులేని పొరగా అడుగున తేలిపోతుంది. రాత్రి చలికి తొట్టిలోని తేమ నీరుగా మారడం సహజం. ఆ గుక్కెడు నీరు ఆకాశంలో ఇంజనును ఆపివేయగలదు. నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోలు ఇంజనుకు రెండు ఉంటాయి. ఒకటి చెడినా రెండవది పనిచేయవలెనన్న దూరదృష్టితో చేసిన ఏర్పాటు అది. లేచే ముందు ఒక్కొక్కదానిని ఆపి రెండవదానిమీద ఇంజను ఎట్లా తిరుగుతున్నదో చూడవలె. గాలి ఒత్తిడినిబట్టి వేగాన్ని తెలిపే సన్నని గొట్టానికి తొడుగు వేయకపోతే కందిరీగ అందులో గూడు కట్టగలదు; అప్పుడు వేగం చూపే ముల్లు అబద్ధం చెప్పుతుంది. ఈ పరీక్షలకు ఖర్చు లేదు, పట్టే కాలం కొద్ది నిమిషాలు. వీటిని ఎగరగొట్టేది పేదరికం కాదు, తొందర.

రక్షణ సామగ్రి విషయమూ ఇంతే. భుజాలమీదుగా బిగించే పట్టీలు, మంటలార్పే సీసా, ప్రథమచికిత్స పెట్టె - వీటి అవసరం విమానం క్షేమంగా దిగినన్నాళ్ళు ఎవరికీ కనబడదు. కనబడనప్పుడే కాలం చెల్లుతుంది. వీటిలో మిక్కిలి ముఖ్యమైనది ఆపద సంకేతాన్ని పంపే పరికరం. విమానం నేలకు కొట్టుకొన్న అదటుకు అది దానంతట అదే మేల్కొని, ఉపగ్రహాలకు పిలుపు పంపుతుంది. ఆ పిలుపును అందుకొనే కేంద్రాన్ని మన దేశంలో ఇస్రో బెంగుళూరులో నడుపుతున్నది.

2009 సెప్టెంబరులో ఏమి జరిగినదో తెలుగువారు మరువలేదు. ముఖ్యమంత్రి ప్రయాణిస్తున్న యంత్రం ఉదయం పూట ఆచూకీ లేకుండా పోయినది. ఆపద సంకేతమేదీ అందలేదు. వైమానిక దళంవారు, పోలీసులు, అడవి ఎరిగిన గిరిజనులు వెదకగా వెదకగా మరునాటి ఉదయానికిగాని పావురాలగుట్ట జాడ తెలియలేదు. ఆనాటి ప్రయాణికులు దెబ్బ తగిలిన క్షణానే మరణించినందువలన ఆలస్యం వారి ప్రాణాలను మార్చలేదన్నది నిజమే. కాని గాయపడి బ్రతికి ఉన్నవారి విషయంలో ఆ ఒక పగలు, ఒక రాత్రి అంటే ఏమిటో ఊహించవచ్చును. రాష్ట్రమంతా వెదకిన మనిషికే అంత కాలం పట్టినప్పుడు పేరులేని శిక్షణార్థి అడవిలో పడితే దిక్కెవరు?

ఈ పరికరాల విషయంలో యజమానులు గుర్తుంచుకొనవలసిన మార్పు ఒకటి కలదు. పాత పద్ధతి పరికరాలు 121.5 మెగాహెర్ట్జ్‌పై పిలిచేవి. ఉపగ్రహాలు ఆ పిలుపును వినడం 2009 ఫిబ్రవరి 1నుండి మానివేసినవి. ఇప్పుడు అవి వినేది 406 మెగాహెర్ట్జ్‌ను మాత్రమే. కొత్త పరికరం తానెవరో సంకేతంలోనే చెప్పుకొంటుంది. అయితే ఆ గుర్తును యజమాని ముందుగా నమోదు చేయించి ఉండవలె; విమానం చేతులు మారినప్పుడు పేరు మార్పించవలె; బ్యాటరీ గడువు చూచుకోవలె. ఇవి చేయనిచో, పిలుపు వచ్చినా పిలిచినవారెవరో తెలియదు; బ్యాటరీ చచ్చినచో పిలుపే రాదు. పరికరం ఉన్నదని కాగితంమీద వ్రాసుకొన్నంత మాత్రాన అది పలుకదు.

చట్టాలు లేవా అంటే లేకపోలేదు. 1934లో విమాన చట్టం, 1937లో నియమావళి ఏర్పడినవి. ఆ పాత చట్టం స్థానే 2024లో పార్లమెంటు ఆమోదించిన భారతీయ వాయుయాన్ అధినియం 2025 జనవరి 1నుండి అమలులోకి వచ్చినది. విమానాన్ని నమోదు చేయడం, అది ఎగరడానికి తగినదని ధ్రువపత్రమివ్వడం, దానిని మళ్ళీమళ్ళీ సమీక్షించడం, మరమ్మతు చేసే ఇంజనీరుకు లైసెన్సు ఇవ్వడం పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్ పనులు. ఒకప్పుడు ప్రమాదాలను విచారించేదీ ఆ కార్యాలయమే. నియమాలు పెట్టినవారే తమ నియమాలు సరిపోయినవో లేదో తీర్పు చెప్పడం సబబు కాదని 2012లో ప్రమాద విచారణకు వేరే సంస్థను నెలకొల్పారు. ఇది హర్షించదగిన సంస్కరణ.

అయినను చట్టానికి ఒక హద్దు ఉన్నది. చట్టం చూడగలిగినది కాగితాన్ని. ఇంజనీరు తనిఖీ చేసినట్లు లాగ్ బుక్కులో సంతకం ఉన్నదా అని అధికారి చూడగలడు. ఆ సంతకం వెనుక నిజంగా మూత విప్పి చూచిన చేయి ఉన్నదా అన్నది ప్రతిసారీ చూడలేడు. కనుక చిన్న విమానం భద్రత తుదకు ఒక మనిషి సత్యనిష్ఠమీద నిలిచి ఉన్నది. లాగ్ బుక్కులో వ్రాసిన మాట నిజమైతే ఆ విమానం క్షేమం. అబద్ధమైతే ఆ పుస్తకమే దానికి మృత్యుపత్రం.

మరి అబద్ధం ఎందుకు పుట్టుతుంది? దీనికి సమాధానం డబ్బు లెక్కలో ఉన్నది. మన దేశంలో వాణిజ్య విమాన చోదకుడు కావలెనన్న విద్యార్థికి 200 గంటలు ఎగిరిన అనుభవం ఉండవలె. ఆ గంటలకు లక్షల రూపాయలు కట్టుతారు. తల్లిదండ్రులు పొలమమ్మియో, ఇల్లు తాకట్టు పెట్టియో ఆ సొమ్ము కూర్చిన సందర్భాలుంటాయి. విమానం ఎగిరినంతసేపూ సంస్థకు రాబడి. షెడ్డులో ఉన్నంతసేపూ నష్టం. విద్యార్థికి గంటలు కావలె, సంస్థకు రాబడి కావలె. 'నేడు ఈ విమానం ఎగరరాదు' అనే ఇంజనీరు ఇద్దరికీ శత్రువువలె కనబడుతాడు. కాని ఆ ఇద్దరికీ నిజమైన మిత్రుడు అతడొక్కడే. ఆ మాట అన్నందుకు అతని ఉద్యోగానికి ముప్పు రాకుండా కాపాడడమే నియంత్రణకు మొదటి పరీక్ష.

నియంత్రణ తరచు ప్రమాదం జరిగిన తరువాత మేల్కొంటున్నది. 2023 అక్టోబరులో మహారాష్ట్రలోని బారామతి ప్రాంతంలో ఒకే సంస్థకు చెందిన శిక్షణ విమానాలు కొద్ది రోజుల తేడాలో రెండు కూలిన పిమ్మట ఆ సంస్థలో శిక్షణను నిలిపివేశారు. శిక్షణ సంస్థలకు శ్రేణులు నిర్ణయించి ప్రకటించే పద్ధతి 2025లో ఆరంభమైనది. విద్యార్థి చేరకముందే సంస్థ మంచిచెడ్డలు తెలిసికొనడానికి ఇది తోడ్పడుతుంది. మార్కుల పట్టికలవలె శ్రేణులూ అలంకారాలుగా మారకుండా చూచుకొనవలసి ఉన్నది.

నియమాలు ఇంతగా పెంచితే చిన్న విమానాలు నడిపేవారే ఉండరన్న వాదం ఒకటి వినబడుతుంది. ఇందులో కొంత నిజం లేకపోలేదు. పెద్ద విమానానికి కుట్టిన చొక్కాను చిన్న విమానానికి తొడగడం సరికాదు. ఐరోపా దేశాలు ఈ సంగతి గ్రహించి, తేలిక విమానాల నిర్వహణకు వేరుగా సులభమైన నియమాలను 2020 మార్చినుండి అమలుపరచినవి. తగ్గించవలసినది కాగితాల బరువు, తనిఖీని కాదు. దరఖాస్తులు పది ఉన్నచోట రెండు చాలవచ్చును. కాని నూనె వడపోతను చూడవలసిన కన్ను ఒకటే, దానిని తగ్గించే వీలు లేదు.

ఈ చర్చ విమానాలు కలవారికి మాత్రమే సంబంధించినదని వేములపల్లి రైతు అనుకొన నవసరం లేదు. వరి చేలమీద మందు చల్లే డ్రోన్లు తెలుగు పల్లెలలోకి ప్రవేశించినవి. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ నియమాలు వాటికీ నమోదును, బరువునుబట్టి తరగతులను, నడిపేవారికి శిక్షణను నిర్ణయించినవి. రెక్క విరిగిన డ్రోను కింద నిలబడి ఉండేది కూలి మనిషి. గాలిలోకి ఏది లేపినా, కింద ఉన్నవారి ప్రాణానికి లేపినవాడు పూచీ పడవలసినదే. ఇది ఉపాధ్యాయులు తరగతిలో చెప్పదగిన పాఠం. పైలట్ కావలెనని కలగనే విద్యార్థికి ఎగరడంతోపాటు 'ఇది బాగుచేసేవరకు నేను ఎగరను' అనడమూ నేర్పవలె.

2022లోనే, విమానం కూలిన ఆరు నెలల పిమ్మట, సెప్టెంబరులో నిడమనూరు మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడినది. నీరు ఊళ్ళమీద, చేలమీద పడి ఎంత నష్టం చేసినదో ఆ ప్రాంతపు వారికి తెలుసు. ఏ గండీ మొదట గండిగా పుట్టదు. కట్టలో ఎక్కడో చిన్న బుంగ పడుతుంది. అందుకే కాలువకు లస్కరును పెట్టారు. గట్టువెంట కాలినడకన పోతూ, తడిసిన మట్టిని చేతితో తాకి చూచి, బుంగ కనబడితే అప్పుడే పూడ్పించడం అతని పని. పై అధికారి వ్రాసుకొనే పుస్తకం ఎంత పెద్దదైనా లస్కరు నడవని కాలువకు భద్రత లేదు. చిన్న విమానానికీ అటువంటి లస్కరు కావలె. యజమాని స్వయంగా కాకున్నా, అతడు నమ్మి జీతమిచ్చిన ఇంజనీరు, అతడు చెప్పిన 'వద్దు' అన్న మాటను మన్నించే యాజమాన్యం కావలె. అవి ఉన్ననాడు తుంగతుర్తి పొలాలలో పనిచేసుకొనే కూలీలు తలమీదుగా పోయే విమానం చప్పుడు విని ఉలికిపడకుండా తమ పని తాము చేసుకోగలుగుతారు.