చమురు బావుల రసాయనాలకు గిరాకీ - పాలమూరు ఆముదానికి అవకాశాలు

నాగర్‌కర్నూల్: చమురు, సహజవాయువు వెలికితీతలో వినియోగించే సర్ఫాక్టెంట్ రసాయనాలకు, జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల మెట్ట రైతులు తరతరాలుగా ఎరిగిన ఆముదం పంటకు దగ్గరి సంబంధమున్నది. ఈ రసాయనాల గిరాకీ రైతుకు ఏ మేరకు ప్రయోజనకరమన్నది పరిశీలించవలసిన అంశం.

నూనెకు, నీటికి నడుమ తలతన్యతను తగ్గించే పదార్థాలే సర్ఫాక్టెంట్లు. బావి తవ్వకంలో వాడే ద్రవంలో నూనె, నీరు విడిపోకుండా నిలుపుటకు, ముడిచమురులో కలిసి వచ్చే నీటిని వేరుచేయుటకు, గ్యాస్ బావిలో నిలిచిన నీటిని నురుగుగా మార్చి పైకి తెచ్చుటకు వీటిని ఉపయోగిస్తారు. క్షేత్రాలు పాతబడే కొద్దీ చమురుతోపాటు వచ్చే నీరు అధికమవుతుంది గనుక వీటి అవసరం కూడా పెరుగుతుంది. కృష్ణా-గోదావరి బేసిన్‌లో 2009 ఏప్రిల్‌లో డి-6 గ్యాస్ ఉత్పత్తి, 2024 జనవరిలో ఓ.ఎన్.జి.సి. 98/2 బ్లాకులో చమురు ఉత్పత్తి ప్రారంభమైన విషయం విదితమే.

ఆముదం గింజలో దాదాపు సగం నూనె ఉంటుంది. ఆ నూనెలో 85 నుంచి 90 శాతం వరకు రిసినోలిక్ ఆమ్లమే. ఇతర వంటనూనెలలో సాధారణంగా కానరాని హైడ్రాక్సిల్ సమూహం ఇందులో ఉండుటచే, ఇథిలీన్ ఆక్సైడ్‌తో చర్య జరిపి దీనిని సర్ఫాక్టెంట్‌గా మార్చవచ్చును. గంధకామ్లంతో చర్య జరిపిన ఆముదం టర్కీ రెడ్ ఆయిల్ పేరిట 19వ శతాబ్దిలోనే అద్దకం పరిశ్రమకు ఉపయోగపడినది.

ప్రపంచ ఆముదం ఉత్పత్తిలో అత్యధిక భాగం భారతదేశానిదే. అందులో సింహభాగం గుజరాత్‌ది. 1968లో అక్కడ విడుదలైన జి.సి.హెచ్-3 సంకర రకం, సాగునీటి వసతి, నూనె పరిశ్రమలు ఇందుకు తోడ్పడినవి. పాలమూరులో ఈ పంట వర్షాధారంగా ఎర్ర చెల్క నేలలకే పరిమితమైనది. గెలలు వేసే దశలో ముసురు పట్టినచో కాయకుళ్లు తెగులు, అంతకుముందే దాసరి పురుగు నష్టపరచుట, జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీటితో వరి విస్తరించుట, పత్తి వైపు రైతులు మొగ్గుచూపుట వంటి కారణాలచే ఆముదం వెనుకపట్టు పట్టినది. అయితే నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం క్రాంతి, హరిత, కిరణ్ రకాలను, పి.సి.హెచ్-111, పి.సి.హెచ్-222 సంకర రకాలను రూపొందించుట గమనార్హం.

పారిశ్రామిక గిరాకీ ఉన్నంత మాత్రాన రైతుకు ధర దక్కుతుందని భావించరాదు. చమురు ధర పడిపోయినప్పుడు తవ్వకాలు మందగించి రసాయనాల కొనుగోలు తగ్గుతుంది. 2020లో జరిగినది ఇదే. పామ్ గింజల నూనె, పెట్రోలియం ఆధారిత సర్ఫాక్టెంట్ల పోటీ కూడా ఉన్నది. పైగా కేంద్రం కనీస మద్దతు ధర ప్రకటించే పంటలలో ఆముదం లేదు. గింజను గింజగానే అమ్ముకొనే రైతుకు, శుద్ధి, రసాయన తయారీలలో చేకూరే అదనపు విలువలో భాగం లభించదు.

కావున సాగునీరు అందని చెల్కలలో మేలైన విత్తనం, సకాలంలో సస్యరక్షణ, రైతు ఉత్పత్తిదారుల సంఘాల ద్వారా సామూహిక విక్రయం, స్థానికంగా నూనె తీసే గానుగలు సమకూరినప్పుడే ఈ గిరాకీ ఫలితం పొలం గట్టు వరకు చేరగలదు. నూనె తీయగా మిగిలిన ఆముదపు పిండి సేంద్రియ ఎరువుగా అదే భూమికి తిరిగి ఉపయోగపడుట రైతులకు అదనపు లాభం.