కోపం ఒక్కటే చాలదు

2020 ఫిబ్రవరి 8న ఆంధ్రప్రదేశ్‌లో మహిళలపై నేరాల దర్యాప్తుకు తొలి దిశ పోలీస్ స్టేషన్‌ను మన రాజమహేంద్రవరంలోనే తెరిచారు. అంతకు ముందు హైదరాబాద్ శివార్లలో వైద్యురాలిపై ఘోరం, ఎన్‌కౌంటర్‌లో నలుగురు నిందితుల మరణం, పోలీసుల మీద పూలజల్లు. ఆ వేడిలోనే మన శాసనసభ అత్యాచార కేసుల్లో 21 పనిదినాల్లో తీర్పు రావాలని దిశ బిల్లు ఆమోదించింది. దానికి రాష్ట్రపతి ఆమోదం దక్కలేదు. ఆ నలుగురినీ పోలీసులు చంపాలనే కాల్చారని, ఆ ఘటనను విచారించిన సిర్పుర్కర్ కమిషన్ 2022లో తేల్చింది.

ఇదే ఊరి సెంట్రల్ జైలు నుంచి 2017 ఏప్రిల్‌లో ఒక యువకుడు బయటికొచ్చాడు. 2007లో విజయవాడ దగ్గరి ఇబ్రహీంపట్నం హాస్టల్లో హత్యకు గురైన ఫార్మసీ విద్యార్థిని కేసులో 2008లో అరెస్టయి, 2010లో శిక్షపడి, హైకోర్టులో నిర్దోషిగా తేలాడు. విచిత్రమేమంటే, ఇతను కాడు, అసలు దోషిని పట్టండి అని మొదటినుంచీ మొత్తుకున్నది ఆ అమ్మాయి కన్నవాళ్లే. అందరికన్నా ఎక్కువ మండిపోవాల్సిన వాళ్లు సాక్ష్యం అడిగారు. మనం అడగలేదు.

అలాగని కోపం వద్దనను. జనం రోడ్డెక్కితే తప్ప ఫిర్యాదు రాసుకోని స్టేషన్లు మనకు కొత్తా? ఫిర్యాదు దాకా ఆగ్రహం నడిపించాలి, దర్యాప్తులో మాత్రం దాని పెత్తనం సాగకూడదు.

ఈ సంచికలో బాధితుల పేర్లు వేయలేదు. కోర్టు తేల్చని వాళ్లను నిందితులనే రాశాం.