మీసం వెనుక పందెం

తిరుపతి వేంకట కవులు మీసాలు పెంచారు. వైదిక పండితులకు అది ఆనవాయితీ కాదు కనుక చాలామంది ముక్కున వేలేసుకున్నారు. జంటకవులు పద్యంతోనే జవాబిచ్చారు. సంస్కృతంలోనూ తెలుగులోనూ కవులం మేమేనని చాటడానికే పెంచామనీ, ఏ కవి అయినా మమ్మల్ని గెలిస్తే మీసాలు తీసేసి మొక్కుతామనీ దాని సారాంశం. ఇంతకన్నా పొగరు మాట మన సాహిత్యంలో అరుదు. అయినా తెలుగువాళ్లు దాన్ని తరతరాలుగా ముచ్చటగా చెప్పుకుంటున్నారు.

ఎందుకంటే ఆ మీసం పందెంలో పెట్టిన మీసం. గద్వాల, ఆత్మకూరు వంటి సంస్థానాల్లోనూ ఊరూరా సభల్లోనూ వారు అవధానాలు చేస్తూ దాన్ని రోజూ పణంగా పెట్టారు. అవధానంలో నిషిద్ధాక్షరి ఒక్కటి చూడండి. అవధాని ఒక అక్షరం చెబుతాడు. ఆ తర్వాత ఏ అక్షరం రాబోతోందో పసిగట్టి పృచ్ఛకుడు దాన్ని వద్దంటాడు. గణం చెడకుండా, యతి తప్పకుండా, అర్థం జారకుండా అవధాని అప్పటికప్పుడు ఇంకో దారి వెతుక్కోవాలి. ఈలోగా ఒకరు గంట కొడుతుంటారు, ఎన్ని కొట్టారో లెక్క తప్పకూడదు. మరొకరు సంబంధం లేని ప్రశ్నలేసి ధ్యాస మళ్లిస్తుంటారు. చివర ధారణలో పద్యాలన్నీ వరసగా అప్పజెప్పాలి. ఒక్క పాదం గుర్తు రాకపోతే సభ సభంతా చూస్తుంది. శతావధానమైతే అడిగేవాళ్లు నూరుమంది. అంత పరీక్షకు నిలబడ్డవాడు మీసం మెలేస్తే ఎవరికి అభ్యంతరం? శ్రీనాథుడిదీ ఇదే దారి. ప్రౌఢదేవరాయల సభలో డిండిమభట్టు వాదంలో ఓడాడు కనుక అతని కంచుఢక్క పగిలింది. శ్రీనాథుడే ఓడి ఉంటే ఆయన పేరు అక్కడితో ముగిసేది.

ఇప్పటి మన సభలకు వద్దాం. ఆహ్వానపత్రం మీద ఇరవై పేర్లు, ప్రతి పేరుకూ ముందొక బిరుదు. వేదిక వెనక ఫ్లెక్సీలో కవి ముఖం నిలువెత్తున ఉంటుంది, పుస్తకం అట్ట మూలన ఎక్కడో ఉంటుంది. పుస్తకం నిన్న రాత్రే చేతికందిందని ముందే చెప్పుకుని వక్త అరగంట మాట్లాడతాడు. శాలువాలు, జ్ఞాపికలు, ఫొటోలు అయ్యేసరికి తొమ్మిదవుతుంది. అప్పుడు కవిని పిలిచి, సమయాభావం వల్ల ఒక్క కవితే చదవమంటారు. ఆ సాయంత్రం మొత్తంలో కవిని పరీక్షించినవారు లేరు, మెచ్చుకున్నదేమిటో చెప్పినవారూ లేరు. మాకు బాధ కలిగించేది శాలువా కాదు. చదవకుండా కప్పడం.

పాతకాలమంతా బంగారమని మేము అనడం లేదు. తలెత్తుకు మాట్లాడే చనువు అప్పుడూ అందరికీ దక్కలేదు. తంజావూరులో ప్రతాపసింహుడి కాలంలో ముద్దుపళని 'రాధికా సాంత్వనము' రాసింది. అవతారికలో తన విద్యనూ, తనకు కృతులు అంకితమిచ్చినవారినీ సగర్వంగా చెప్పుకుంది. ప్రబంధకవులకు అది మామూలే. కానీ ఆ కావ్యంలోని శృంగారం స్త్రీ నోట రాదగింది కాదని కందుకూరి వీరేశలింగం తప్పుపట్టారు. 1910లో బెంగళూరు నాగరత్నమ్మ దాన్ని పరిష్కరించి అచ్చువేయించి, అలాంటి శృంగారమే మగవాళ్లు రాస్తే తప్పెందుకు కాలేదని నిలదీశారు. మరుసటి ఏడే ప్రభుత్వం పుస్తకాన్ని నిషేధించింది.

గుర్రం జాషువా సంగతీ తెలిసిందే. 'గబ్బిలం' రాసిన ఆ మహాకవికి కులం పేరుతో సభల్లో జరిగిన అవమానాలు ఒకటీ రెండూ కావు. ఆయనకు గండపెండేరం తొడిగింది తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి. గండపెండేరం మెడలో వేసేది కాదు, చేతికిచ్చేదీ కాదు. కాలికి తొడగాలి, తొడిగేవాడు వంగి తీరాలి. మీసాల మీద పందెం కాసిన ఆ పెద్దాయన, ఎవరి చేతిలోనూ ఓడకుండానే, అంటరానివాడని లోకం దూరం పెట్టిన కవి పాదాల దగ్గర వంగారు. ఆ పాదం తాకి తన జన్మ ధన్యమైందన్నారని చెబుతారు. ఆనాడు జాషువాకు దక్కిన గౌరవం విలువ, తొడిగిన చేతులు ఎవరివన్నదాంట్లో ఉంది. పద్యం మంచిచెడ్డలు తెలిసిన చేతులవి. ఆ మెప్పును ఏ దాతా కొనివ్వలేడు.

కనుక మా వంతుగా రెండు పనులు చేయదలిచాం. వచ్చే సంచిక నుంచి ఈ పత్రికలో ఎవరి పేరు ముందూ బిరుదు వేయం, సంపాదకవర్గానికీ ఇది వర్తిస్తుంది. సన్మానాల వార్తలకు ఇస్తున్న పేజీని ఇకపై ఒకే ఒక పుస్తకానికి కేటాయిస్తాం. దాన్ని మొదటి పుట నుంచి చివరి పుట దాకా చదివినవారే అక్కడ రాస్తారు, మెచ్చినా మెచ్చకపోయినా.