విప్పే చేతుల మాట వినండి

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. అణువిద్యుత్కేంద్రాన్ని విప్పి చూడు అని నేడు మేము చేరుస్తున్నాము.

కోల్‌కతాలో అణువిద్యుత్ రియాక్టరు లేదు. తూర్పు మేదినీపూర్‌లోని హరిపూర్‌లో తలపెట్టిన రష్యన్ రియాక్టర్లను 2011లో రాష్ట్ర ప్రభుత్వం వద్దన్నది. అయినను మనకేమి అని ఊరకుండరాదు. ఈ నగరపు విద్యాలయాలలో చదివిన ఇంజనీర్లు దేశమంతటా పనిచేస్తున్నారు. హుగ్లీ తీరాన మూతపడిన జనపనార మిల్లుల గేట్ల ముందు బకాయిలకై నిలిచిన తెలుగు కార్మికులకు, యజమాని మూసివేత ఖర్చును ఎవరి నెత్తిన వేస్తాడో వేరే చెప్పనక్కరలేదు.

విప్పడమంటే సుత్తితో కొట్టడం కాదు. ముందు ఇంధనం తీయాలి. గొట్టాలు శుద్ధి చేయాలి. ఏ భాగాన్ని ఎవరు, ఎన్ని నిమిషాలలో కోయాలో సమన్వయ ఇంజనీరు నిర్ణయించాలి. ఉక్కులో పుట్టిన కోబాల్ట్-60 5.27 ఏళ్ళకు సగమవుతుంది. 50 ఏళ్ళకు సుమారు ఏడువందలవ వంతు మిగులుతుంది. అయితే ఆగుదామనేవారున్నారు. కాని అంతలో ఆ కేంద్రాన్ని ఎరిగిన కార్మికులు గతిస్తారు, పటాలు చెదల పాలవుతాయి. అప్పుడు లోనికి పోయేది ఏమీ తెలియని కాంట్రాక్టు కూలీయే!

ఇది ఊహ కాదు. 2010లో ఢిల్లీలో పాత ప్రయోగశాల పరికరమొకటి వేలంలో అమ్ముడై మాయాపురి పాత ఇనుము బజారుకు చేరింది. అందులో కోబాల్ట్-60 ఉన్నదని విప్పినవారికి ఎవరూ చెప్పలేదు. ఒక కార్మికుడు మరణించాడు; పలువురు గాయపడ్డారు. ఒక్క పరికరానికే ఇంత అయితే, ఒక కేంద్రానికి ఎంత?

ట్రాంబేలోని సైరస్ రియాక్టరు 2010 చివర శాశ్వతంగా ఆగింది. రావత్‌భాటా మొదటి యూనిట్ 2004లోనే విద్యుదుత్పత్తి ఆపింది. విప్పే పనికై యూనిట్‌కు 2 పైసల చొప్పున వినియోగదారుల నుండి వసూలు చేస్తూ వచ్చారు. సొమ్ము ప్రజలది, ప్రాణం కార్మికునిది, మరి మాట మాత్రం ఒక్క యాజమాన్యానిదేనా?

మేము కోరేది మూడే. పని ఆపే అధికారం సమన్వయ ఇంజనీరుకు ఉండాలి. ఆపినందుకు శిక్ష ఉండరాదు. ప్రతి కాంట్రాక్టు కార్మికుని రేడియేషన్ లెక్క అతని చేతికే ఇవ్వాలి. పరిమితి చేరినవానిని ఇంటికి పంపక, జీతం తగ్గించక వేరే పని చూపాలి. శంకుస్థాపనకు ముందే విప్పే ప్రణాళికను కార్మిక సంఘాల ముందు పెట్టాలి.

కట్టినవారి పేర్లు శిలాఫలకాలపై చెక్కుతారు. విప్పేవారి పేర్లు కనీసం హాజరుపట్టీలోనైనా ఉండనిమ్ము!